నేల తగిలితే లేచే చుక్కాని
ఒక చిన్న త్రాటి వెనుక ఉన్న శాస్త్రం

'చుక్కాని లేని నావ' అన్న ఉపమానం తెలుగువారి సంభాషణలలోను, ఉపన్యాసాలలోను తరచుగా వినవస్తుంది. దిక్కు తోచని జీవితానికి, నాయకత్వం కొరవడిన సంస్థకు దానిని వాడుతుంటారు. అయితే చుక్కాని ఉండి కూడా, అది నిలువవలసిన తీరున నిలువక వెనుకకు వాలిపోతే నావ గతి ఏమిటి? నేల తగిలినప్పుడు లొంగవలసిన చుక్కాని లొంగకపోతే ఏమవుతుంది? ఉపమానంలో చోటు దొరకని ఈ రెండు ప్రశ్నలూ చిన్న తెరచాప పడవను నడిపేవారికి ప్రతి వారాంతమూ ఎదురయ్యేవే.

అమెరికా, కెనడా, బ్రిటన్ దేశాలలో సరస్సుల ఒడ్డున వేసవి వచ్చిందంటే తెరచాప పడవల సందడి మొదలవుతుంది. శిబిరాలలో పడవ నడపడం నేర్చుకునే తెలుగు పిల్లలు, పాత పడవనొకదానిని కొని ట్రైలరుపై సరస్సుకు తీసుకుపోయే తల్లిదండ్రులు ఆ సందడిలో భాగమే. అటువంటి పడవ కొన్నప్పుడు తెరచాపను, కొయ్యను, పడవ అడుగును శ్రద్ధగా పరీక్షించేవారు కూడ వెనుక వేలాడే చుక్కానిని, దాని పక్కన రంగు వెలసిన రెండు సన్నని త్రాళ్లను అంతగా పట్టించుకోరు. నిజానికి పడవ మాట వినడం, వినకపోవడం చాలావరకు ఆ త్రాళ్ల మీదనే ఆధారపడి ఉంటుంది.

పరస్పర విరుద్ధమైన రెండు ధర్మాలు

నలుగురు కూర్చునే చిన్న పడవ శరీరం నీటిలో 15 నుండి 20 సెంటీమీటర్ల లోతు మాత్రమే మునుగుతుంది. చుక్కాని పలక మాత్రం నీటిలోనికి 60 సెంటీమీటర్ల వరకు దిగుతుంది. పడవ మధ్యలో దిగే మధ్య పలక దానికన్న లోతుగా పోయినా, ఒడ్డును సమీపించేటప్పుడు దానిని ముందుగానే ఎత్తివేస్తారు. దారి చూపవలసిన చుక్కానిని మాత్రం చివరి క్షణం వరకు దింపి ఉంచక తప్పదు. కనుక ఇసుక మేటనో, రాతినో, మునిగి ఉన్న మొద్దునో మొదట తాకేది తరచుగా చుక్కానియే.

ఆ తాకిడి ఎంతటిది? ఇయన్ ప్రాక్టర్ అనే బ్రిటిష్ రూపశిల్పి 1957లో రూపొందించిన వేఫేరర్ అనే కుటుంబపు పడవను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని పొడవు 4.8 మీటర్లు, శరీరం బరువు దాదాపు 170 కిలోలు. ఇద్దరు పెద్దలు కూర్చుంటే మొత్తం 310 కిలోలు. సెకనుకు 2 మీటర్ల వేగంతో, అనగా మనిషి చురుకుగా నడిచే వేగం కన్న కొద్దిగా ఎక్కువగా, సాగుతున్నప్పుడు ఆ పడవ గతిజ శక్తి 620 జౌళ్లు. 20 కిలోల బియ్యపు మూటను మూడు మీటర్లకు పైబడిన ఎత్తు నుండి జారవిడిస్తే నేలను తాకేనాటికి దానికుండే శక్తి కూడ సుమారుగా అంతే. చుక్కాని పలక బిగుసుకొని ఉండి రాతికి తగిలితే, ఈ శక్తిలో పెద్ద భాగాన్ని పడవ వెనుక గోడకు చుక్కానిని పట్టి ఉంచే రెండు చిన్న కీళ్లు, వాటి మరలు భరించవలసి వస్తుంది. కీలు ఊడడం, పలక విరగడం, వెనుక గోడ చీలడం అప్పుడు జరిగే ప్రమాదాలు.

అందుకే చిన్న పడవల చుక్కానిని రెండు భాగాలుగా చేస్తారు. పై భాగం చుక్కాని తల. ఇది పడవ వెనుక గోడకు కీళ్లతో అమరి ఉంటుంది. దిశ మార్చే పిడికర్ర, అనగా టిల్లర్, దీనికే బిగించి ఉంటుంది. క్రింది భాగం పలక. ఇది తలలోని రెండు పక్క రేకుల నడుమ ఒక ఇరుసుపై గడియారపు లోలకం వలె ముందు వెనుకలకు కదలగలదు. నేల తగిలితే పలక వెనుకకు, పైకి లేస్తుంది. పడవ దానిపై నుండి సాగిపోతుంది.

ఇంతవరకు సులభమే. చిక్కంతా ఇక్కడి నుండి మొదలవుతుంది. నేల తగిలితే లేవవలసిన ఆ పలకయే, నీటి ఒత్తిడికి మాత్రం ఏమాత్రం లేవకూడదు. ఒక బలానికి లొంగాలి, మరొక బలానికి లొంగరాదు. ఆ రెండు బలాల నడుమ హద్దు గీయడమే చుక్కాని త్రాళ్ల పని. ఆ హద్దును తగిన చోట నిలుపగలిగితే పడవ సురక్షితం. అటో ఇటో జరిగితే ప్రమాదం.

పూర్వులు ఎరిగిన సమస్య

ఈ సమస్య నేటిది కాదు. చైనాలో క్రీస్తు శకం మొదటి శతాబ్దం నాటికే పడవ వెనుక భాగాన చుక్కాని అమర్చేవారనడానికి గ్వాంగ్‌జౌ ప్రాంతపు సమాధిలో దొరికిన మట్టి బొమ్మ సాక్ష్యం. తరువాతి కాలపు చైనా ఓడలలో చుక్కానిని త్రాళ్లతో పైకి లాగి, లోతు తక్కువైన నదులలో కూడ ప్రయాణించేవారు.

రేవులు లేని ఆంధ్ర తీరంలో, అలల నురుగు దాటి నేరుగా ఇసుక పైకి రావలసిన చోట, మసూలా పడవల వారు స్థిరమైన చుక్కానినే మానుకొన్నారు. వెనుక నిలబడిన వ్యక్తి చేతిలోని పొడవైన తెడ్డుతోనే దిశ మార్చేవాడు. ఇసుక దగ్గరపడగానే దానిని ఎత్తివేసేవాడు. పడవ పలకలను సైతం మేకులతో బిగించక కొబ్బరి పీచు త్రాళ్లతో కుట్టేవారు. ఇసుకను గుద్దినప్పుడు ఆ కుట్లు కొద్దిగా సడలి, దెబ్బను తమలో ఇముడ్చుకొనేవి. బిగుసుకొన్నది విరుగుతుందని, తగినంతగా లొంగినది నిలుస్తుందని ఆ పడవలు కట్టినవారికి అనుభవం నేర్పింది. నేటి చుక్కాని త్రాడు ఆ నేర్పునే మరొక రూపంలో ఆచరణలో పెడుతున్నది.

రెండు త్రాళ్లు, రెండు మార్గాలు

చుక్కానికి సాధారణంగా రెండు త్రాళ్లు ఉంటాయి. పలకను క్రిందికి దింపి పట్టి ఉంచేది దింపుడు త్రాడు. దానిని పైకి లాగేది ఎత్తుడు త్రాడు. దింపుడు త్రాడు పలక ముందు అంచున మొదలై, ఇరుసుకు ముందు వైపుగా పైకి సాగి, తలలోని చిన్న కప్పీ మీదుగా వంగి, పిడికర్ర వెంట ముందుకు వస్తుంది. ఎత్తుడు త్రాడు పలక వెనుక అంచున, ఇరుసుకు కొంత దిగువన మొదలై, ఇరుసు వెనుక వైపుగా పైకి వచ్చి, అదే విధంగా పిడికర్రను చేరుతుంది. రెండింటిని పిడికర్రపైనే, నడిపేవారి చేతికి అందే చోట, పళ్లు గల క్లీట్లలో బిగిస్తారు.

త్రాళ్లను పిడికర్రపై కాక పడవ శరీరానికి బిగించాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. అది తగదు. పిడికర్ర ఎటు తిరిగినా దానితోపాటు త్రాడు, క్లీట్ రెండూ తిరిగితేనే త్రాటి పొడవు మారదు. పడవకు బిగిస్తే, మలుపు తిప్పిన ప్రతిసారీ త్రాడు ఒకసారి బిగుస్తుంది, ఒకసారి సడలుతుంది. పిడికర్ర పైకి కూడ లేచే విధంగా కీలు ఉన్న పడవలలో త్రాళ్లను ఆ కీలుకు వీలైనంత దగ్గరగా పోనివ్వడం కూడ ఇదే కారణం చేత.

ఒక సెంటీమీటరు విలువ

దింపుడు త్రాటిపై ఎంత బలం పడుతుందో లెక్క కట్టడం కష్టం కాదు. నీటిలో 60 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల పలకను తీసుకొంటే, 5 నాట్ల వేగంలో, అనగా గంటకు సుమారు 9 కిలోమీటర్ల వేగంలో, నీరు దానిని వెనుకకు నెట్టే బలం సుమారు 2 కిలోల బరువుకు సమానం. ఇది స్వల్పమే. అయితే ఆ బలం పనిచేసే కేంద్రం ఇరుసుకు 35 సెంటీమీటర్ల దిగువన ఉండగా, త్రాడు లాగే చోటు ఇరుసు నుండి కేవలం 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. తులాదండ సూత్రం ప్రకారం త్రాటిపై పడే బలం ఏడు రెట్లు, అనగా 14 కిలోలు. పైగా నీటి బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం 7 నాట్లయితే త్రాటిపై బలం ఇంచుమించు రెట్టింపై 28 కిలోలకు చేరుతుంది.

ఇప్పుడు త్రాడు ఒక్క సెంటీమీటరు సాగిందనుకొందాం. లేదా క్లీట్ పళ్లలో అంత మేరకు జారిందనుకొందాం. 5 సెంటీమీటర్ల భుజంపై ఒక సెంటీమీటరు అంటే పలక సుమారు 11 డిగ్రీలు వెనుకకు వాలుతుంది. పలక కొస 12 సెంటీమీటర్లు వెనుకకు పోతుంది. నీటి అడుగున జరిగే ఈ మార్పు పైన కూర్చున్నవారికి కనబడదు. చేతికి మాత్రం తెలుస్తుంది.

కారణం ఇది. పలక నిలువుగా ఉన్నప్పుడు నీరు దానిని పక్కకు నెట్టే బలపు కేంద్రం, చుక్కాని తిరిగే అక్షానికి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే వెనుక ఉండేటట్లు రూపశిల్పులు అమరుస్తారు. బలమైన గాలిలో ఆ బలం 20 కిలోలైతే, 3 సెంటీమీటర్ల దూరంపై ఏర్పడే భ్రామకాన్ని ఒక మీటరు పిడికర్ర చివర 600 గ్రాముల బలంతో అదుపు చేయవచ్చు. పసిపిల్లలకు కూడ అది కష్టం కాదు. పలక 11 డిగ్రీలు వాలితే కేంద్రం మరి 7 సెంటీమీటర్లు వెనుకకు జరుగుతుంది. మొత్తం 10 సెంటీమీటర్లు. చేతిపై బలం 600 గ్రాముల నుండి 2 కిలోలకు పెరుగుతుంది. పలక సగం లేచి 45 డిగ్రీల వద్ద వేలాడితే, చేతిపై పడే భారం దీనికి మరి రెండింతలకు మించవచ్చు. అదే సమయంలో నీటిలో మిగిలిన లోతు తగ్గి, పడవను త్రిప్పే శక్తి క్షీణిస్తుంది.

ఇది సుఖానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఉధృతమైన గాలి తాకినప్పుడు పడవ సహజంగా గాలి వైపునకు తిరగజూస్తుంది. దానిని అరికట్టవలసినది చుక్కాని. పలక వాలి ఉంటే నడిపేవారు ఎంత లాగినా పడవ మాట వినదు. గాలికి అడ్డం తిరిగి ఒరుగుతుంది, ఒక్కొక్కసారి బోల్తా పడుతుంది. వసంతకాలపు సరస్సులో ఎండ ఎంత వెచ్చగా ఉన్నా నీరు 10 డిగ్రీల సెల్సియస్ ఉండవచ్చు. అటువంటి నీటిలో పిల్లల శరీరం త్వరగా చల్లబడుతుంది. తెరచాప సరిగా లేదని, గాలి ఎక్కువైందని అనుకొనే సందర్భాలలో కొన్నింటికి అసలు కారణం ఒక సెంటీమీటరు జారిన త్రాడు.

దీనికి పరిష్కారం త్రాటిలో ముందుగానే బిగువు ఎక్కించడం. పలక నిలువు స్థితికి రాగానే తలలోని ఆపుడు మేకుకు ఆని ఆగుతుంది. ఆగిన తరువాత కూడ త్రాటిని, నీరు కలిగించే బలం కన్న ఎక్కువ బలంతో లాగి బిగిస్తే, ఆ ఎక్కువ బలం పలకను మేకుకు అదిమి ఉంచుతుంది. నీటి ఒత్తిడి ఆ బిగువును మించేంత వరకు పలక కదలదు. 14 కిలోలను తట్టుకోవడానికి 20 కిలోల బిగువు కావాలంటే చేతితో నేరుగా లాగడం కష్టం. దింపుడు త్రాటి చివర ఒక చిన్న కప్పీ వేసి రెండింతల లాభం పొందితే 10 కిలోల లాగుడు చాలును.

విడిచే ఉపాయాలు

బిగువుగా పట్టిన త్రాడు నేల తగిలినప్పుడు విడువవలసి ఉన్నది. ఇందుకు నాలుగు ఉపాయాలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది దింపుడు త్రాటిలో కొంత భాగాన్ని రబ్బరు త్రాడుగా చేయడం. పలక రాతికి తగిలితే రబ్బరు సాగి లొంగుతుంది. రాయి దాటగానే పలకను తిరిగి దింపుతుంది. నెమ్మదిగా సాగే పడవలకు, నేర్చుకొనే పిల్లలకు ఇది చక్కని ఏర్పాటు. కాని వేగం పెరిగినప్పుడు నీటి బలానికి కూడ రబ్బరు లొంగిపోతుంది. దెబ్బకు, ఒత్తిడికి నడుమ దానికి స్పష్టమైన హద్దు తెలియదు.

రెండవది స్వయంగా విడిచే క్లీట్. ఇది పీఠంపై ఒక స్ప్రింగు ఆధారంగా నిలుస్తుంది. త్రాటిపై బలం నిర్ణీత పరిమితిని దాటగానే ముందుకు వాలి త్రాటిని వదలివేస్తుంది. ఆ పరిమితిని ఒక మరతో పెంచవచ్చు, తగ్గించవచ్చు. పరిమితి లోపల గట్టిగా పట్టడం, దాటగానే పూర్తిగా వదలడం దీని గుణం. విడిచిన తరువాత చేతితో మళ్లీ బిగించవలసి రావడం దీని లోపం.

మూడవది విరిగే పుల్ల. సన్నని కొయ్య చీలను పలకలో గుచ్చి నిలుపుతారు. దెబ్బ తగిలితే చీల విరిగి పలక లేస్తుంది. చవకైనదే, కాని నీటి నడుమ కొత్త చీల వేయడం సులభం కాదు. చీల తడిసి ఉబ్బితే విరిగే బలం కూడ మారిపోతుంది.

నాలుగవది త్రాడు లేకుండ మీటతో పనిచేసే పద్ధతి. కాలిఫోర్నియాలో అలలపై తేలే పలకలు తయారుచేసిన హోబీ ఆల్టర్ 1970 ప్రాంతంలో ప్రవేశపెట్టిన హోబీ 16 అనే జంట శరీరాల పడవ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఇది మధ్య పలక అవసరం లేకుండ నేరుగా ఇసుక పైకి రాగల పడవ. ఇటువంటి పడవ 12 నాట్లతో సాగితే, 5 నాట్లతో పోల్చినప్పుడు పలకపై నీటి బలం దాదాపు ఆరు రెట్లు. సాధారణ త్రాడు, క్లీట్ దానిని భరించడం కష్టం. కనుక చుక్కాని తలలో స్ప్రింగుతో అదిమిపట్టే మీట నొకదానిని అమర్చారు. పలక దిగగానే అది టక్కున బిగుస్తుంది. నేల తగిలితే స్ప్రింగును నెట్టి విడిపోతుంది. స్ప్రింగు బిగువును మరతో సవరించవచ్చు.

పద్ధతి ఏదైనా విడిచే బలం ఎంత ఉండాలన్నదే ముఖ్యం. పై లెక్కలోని పడవకు త్రాటిపై 28 కిలోల వద్ద విడిచేటట్లు అమరిస్తే, 7 నాట్ల వరకు అది నిలుస్తుంది. పలక మధ్యభాగాన్ని వెనుకకు 4 కిలోల బలంతో లాగితే విడుస్తుంది. పడవ ఎప్పుడూ 5 నాట్లు దాటదనుకొంటే ఇంకను తగ్గించవచ్చు.

త్రాటిలోని రసాయన శాస్త్రం

దుకాణంలో 4 మిల్లీమీటర్ల త్రాళ్లన్నీ ఒకే విధంగా కనిపిస్తాయి. కాని వాటి అణు నిర్మాణంలోని భేదం చుక్కాని ప్రవర్తనను మార్చివేస్తుంది.

వాలెస్ కరోథర్స్ 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో సృష్టించిన నైలాన్ బలమైనదే. కాని దాని అణుగొలుసులు వంగే గుణం కలవి. లాగితే బాగా సాగుతాయి. అందులోని అమైడ్ సముదాయాలు నీటి అణువులతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకొని నీటిని పీల్చుకొంటాయి. తడిసిన నైలాన్ మరింత సాగుతుంది. లంగరు త్రాటికి ఈ సాగుడు గుణం వరమే. దింపుడు త్రాటికి మాత్రం శాపం. ఒకటిన్నర మీటర్ల త్రాడు ఒక శాతం సాగితేనే ఒకటిన్నర సెంటీమీటర్లు అని గుర్తుంచుకోవాలి.

విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు బ్రిటిష్ రసాయనవేత్తలు 1941లో కనుగొన్న పాలిఎస్టర్, టెరిలీన్ అనియు, డాక్రాన్ అనియు పేరు పొందింది. చీరల ద్వారా, చొక్కాల ద్వారా తెలుగు ఇళ్లకు అది సుపరిచితమే. దాని గొలుసులలో బెంజీను వలయాలు ఉండడం వలన గొలుసు సులభంగా వంగదు. నైలాన్ కన్న చాల తక్కువ సాగుతుంది. నీటిని అంతగా పీల్చదు. ఎండకు బాగా తట్టుకొంటుంది. కుటుంబపు పడవలో దింపుడు త్రాటికి, ఎత్తుడు త్రాటికి అల్లిక పాలిఎస్టర్ త్రాడు అన్నివిధాల తగినది.

డైనీమా అనే పేరుతో నెదర్లాండ్స్‌లో 1990 నుండి వాణిజ్యస్థాయిలో తయారవుతున్న దారం నిజానికి పాలిథీనే. పాల ప్యాకెట్లకు వాడే పదార్థపు అణువులనే ఎన్నో రెట్లు పొడవుగా పెంచి, ద్రావకంలో కరిగించి, దారంగా తీసి, గొలుసులన్నీ ఒకే దిశలో నిలిచేటట్లు లాగుతారు. ఒకే బరువు గల ఉక్కు తీగ కన్న అది ఎన్నో రెట్లు బలమైనది, సాగడం అత్యల్పం, నీటిపై తేలుతుంది. కాని దానికి మూడు లోపాలున్నవి. ఉపరితలం నునుపు కనుక సాధారణ ముడులు, క్లీట్ పళ్లు జారిపోతాయి. సుమారు 145 డిగ్రీల వద్దనే కరగనారంభిస్తుంది కనుక రాపిడి వేడిని తట్టుకోలేదు. గొలుసుల నడుమ బలమైన బంధాలు లేనందున, పెద్ద భారాన్ని నిరంతరం మోస్తే అవి ఒకదానిపై ఒకటి జారుతూ త్రాడు నిదానంగా పొడవెక్కుతుంది. పాలిఎస్టర్ తొడుగు గల డైనీమా త్రాడు మొదటి రెండు లోపాలను చాలవరకు తీరుస్తుంది.

చవకగా దొరికే పాలీప్రొపిలీన్ త్రాడు నీటిపై తేలుతుంది గాని, అతినీలలోహిత కిరణాలు దాని గొలుసులను తెంచివేస్తాయి. తగిన రక్షక రసాయనాలు కలపని త్రాడు కొన్ని వేసవులలోనే గరుకెక్కి పొడిగా రాలుతుంది. దానిని చుక్కానికి వాడకపోవడమే మేలు.

ఇక రబ్బరు త్రాడు. సహజ రబ్బరు గొలుసులలో ద్విబంధాలు ఉంటాయి. గాలిలో లేశమాత్రంగా ఉండే ఓజోను ఆ ద్విబంధాలను కోసివేస్తుంది. సాగదీసి ఉంచిన రబ్బరులో ఈ కోత పగుళ్లుగా మారుతుంది. పైన నేసిన తొడుగు కొంతవరకు రక్షించినా, శీతకాలమంతా బిగించి ఉంచిన రబ్బరు త్రాడు వసంతానికి సగం జీవం కోల్పోతుంది. పడవను మూసిపెట్టేటప్పుడు రబ్బరు త్రాటిని సడలించి ఉంచడం అందుకే అవసరం.

ఇరుసు, రేకులు, పలక

త్రాడు ఎంత మంచిదైనా ఇరుసు పట్టేసుకొంటే ప్రయోజనం లేదు. అనేక పడవలలో చుక్కాని తల అల్యూమినియంతో, ఇరుసు తుప్పుపట్టని ఉక్కుతో చేసి ఉంటాయి. ఈ రెండు లోహాలు ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకితే చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. అందులో అల్యూమినియం ఎలక్ట్రాన్లను కోల్పోయి క్షయిస్తుంది. రంధ్రం చుట్టూ తెల్లని పొడి పేరుకొంటుంది. అదే పొడి పలకను కదలకుండ బిగిస్తుంది. ఇరుసు చుట్టూ ప్లాస్టిక్ గొట్టం, ఇరువైపులా ప్లాస్టిక్ వాషర్లు వేసి రెండు లోహాలను వేరుచేస్తే ఈ ఘటం ఏర్పడదు. సముద్రంలో తిరిగిన పడవను ప్రతిసారీ మంచినీటితో కడగడం దీనికి తోడు.

తుప్పుపట్టని ఉక్కు కూడ అన్ని చోట్ల తుప్పుపట్టనిది కాదు. దానిని కాపాడేది పైనున్న సన్నని క్రోమియం ఆక్సైడు పొర. గాలి ఆడని తడి రంధ్రంలో ఆక్సిజను అందక ఆ పొర తిరిగి ఏర్పడలేదు. అప్పుడు లోపల లోపల క్షయం మొదలవుతుంది. మాలిబ్డినం కలిసిన 316 రకపు ఉక్కు మేలైనది. అయినను ఏడాదికొకసారి ఇరుసును బయటకు తీసి చూడడం తప్పనిసరి.

కొయ్య పలకలో త్రాటి కోసం, ఇరుసు కోసం వేసిన రంధ్రాల ద్వారా నీరు లోనికి పోతే కొయ్య ఉబ్బుతుంది. ఉబ్బిన పలక రేకుల నడుమ ఇరుక్కొని దిగదు, లేవదు. రంధ్రాన్ని కావలసినదానికన్న పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత మధ్యలో తిరిగి తొలిస్తే కొయ్యకు నీరు తాకదు. పలక తేలికపాటి కొయ్యదైతే మరొక విషయం గమనించాలి. నిలువుగా ఉన్నంతసేపు అది తేలాలన్న బలం నేరుగా ఇరుసు గుండా పోతుంది, త్రిప్పదు. కొంచెం వాలిందంటే అదే బలం పలకను ఇంకను పైకి లేపడానికి సాయపడుతుంది.

ఒడ్డున పరీక్ష, నీటిలో క్రమం

పడవను నీటిలోకి దింపకముందే చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. చేపలు తూచే స్ప్రింగు త్రాసు చాలును. పలకను దింపి త్రాటిని బిగించి, ఇరుసుకు 35 సెంటీమీటర్ల దిగువన పలకకు గుడ్డ పట్టీ చుట్టి, త్రాసు కొక్కెం తగిలించి వెనుకకు లాగాలి. 2 కిలోల వరకు పలక మేకును వదలకూడదు. 4 కిలోల ప్రాంతంలో క్లీట్ విడువాలి. ముందే విడిస్తే మరను బిగించాలి. 6 కిలోలకు కూడ విడువకపోతే సడలించాలి, ఇరుసు పట్టేసిందేమో చూడాలి. మూడుసార్లు లాగి మూడుసార్లూ ఇంచుమించు ఒకే అంకె వచ్చినప్పుడే ఆ అమరికను నమ్మవచ్చు.

పరీక్ష ముగిసిన తరువాత, పలక పూర్తిగా దిగి ఉన్నప్పుడు దింపుడు త్రాటిపై క్లీట్ ఎదుట నల్ల సిరాతో ఒక గుర్తు పెట్టాలి. మురికి నీటిలో పలక కనబడదు, గుర్తు కనబడుతుంది. గుర్తు క్లీట్ నుండి ఒక సెంటీమీటరు వెనుకకు జరిగితే పలక 11 డిగ్రీలు వాలినట్లే. దింపుడు త్రాడు ఎరుపు, ఎత్తుడు త్రాడు నీలం చేస్తే, తొందరలో పిల్లలు కూడ ఒకదాని బదులు మరొకటి లాగరు.

ఒడ్డు నుండి బయలుదేరేటప్పుడు నీరు పలక దిగడానికి చాలినంత లోతు కాగానే ఎత్తుడు త్రాటిని వదలి, దింపుడు త్రాటిని లాగి, గుర్తు చూసి బిగించాలి. ఆ తరువాతనే తెరచాపను పూర్తిగా బిగించాలి. సగం దిగిన పలకతో వేగం పెంచడం కీళ్లకు, పిడికర్రకు కూడ హాని. తిరిగి వచ్చేటప్పుడు క్రమం తలక్రిందులు: మొదట తెరచాపను సడలించి వేగం తగ్గించడం, తరువాత దింపుడు త్రాటిని వదలడం, ఆ పిమ్మట ఎత్తుడు త్రాటిని లాగి బిగించడం. దింపుడు త్రాటిని వదలకుండ ఎత్తుడు త్రాటిని లాగేవారు రెండు త్రాళ్లనూ పాడుచేసుకొంటారు. పలక సగం లేచిన తరువాత పిడికర్రను చిన్న చిన్న కదలికలతోనే నడపాలి.

స్వయంగా విడిచే క్లీట్ ఒకసారి విడిచిందంటే నేల తగిలిందని అర్థం. వెంటనే తిరిగి బిగించక, ముందు లోతు చూసుకొని, పడవను లోతైన నీటికి మరలించిన తరువాతనే బిగించాలి. పిల్లలకు పిడికర్ర అప్పగించే పెద్దలు మొదటి పాఠంగా దీనినే నేర్పవచ్చు. గాలి కొత్తది, సరస్సు కొత్తది అయినప్పుడు, గుర్తు క్లీట్ ఎదుట ఉన్నదో లేదో ప్రతి పావుగంటకు ఒకసారి చూడడం రెండవ పాఠం. ఏడాదికి మూడు మీటర్ల కొత్త త్రాడు, ఒక సాయంకాలపు పరీక్ష. ఈ మాత్రం శ్రద్ధతో చుక్కాని పట్టవలసినప్పుడు పట్టి, విడువవలసినప్పుడు విడుస్తుంది, పడవలోని వారు క్షేమంగా ఒడ్డు చేరతారు.